ముళ్లు కత్తిరించిన చేప

పెరటాసి శనివారం నాడు మా ఇంట్లో కోడి పేగులు కాదు గదా, కోడిగుడ్డు పెంకు కూడా ముట్టుకోరని వజీర్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ పొద్దున, ఇంకా సరిగ్గా వెలుతురైనా రాకముందే, చెరువు కట్ట మీద వాడు ఎరకని పేగుల కవరు తెచ్చి నా ఒళ్లో పడేశాడు.

"తియ్‌రా దాన్ని!" అంటూ ఎగిరి లేచాను.

"అరె, మరిచిపోయినానప్పా. నీకు ఒక్కపొద్దు గదా," అని కవరు తీసుకున్నాడు.

మామూలుగా అయితే ఇట్లాంటిదానికి వాడు పగలబడి నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. అసలు ఆ ఏడు వానాకాలమంతా మా ఇంట్లో ఎవరైనా మనసారా నవ్విన గుర్తు లేదు నాకు.

పుంగనూరుకు దగ్గరే మా ఊరు. అటు తమిళం, ఇటు కన్నడం ఉన్న చోటు కాబట్టి పంచాంగం ఏదైనా సరే, పెరటాసి నెల మాత్రం మాకు వెంకటేశ్వరస్వామిది. ఆ నెలంతా నీసు లేదు. శనివారాలైతే పొద్దుగూకేదాకా అన్నం కూడా లేదు. మా అమ్మ మునిరత్నమ్మ ఈ విషయంలో ఎవరినీ లెక్కచేయదు. చద్ది ముద్ద తిన్నానని ఒకసారి నన్ను మధ్యాహ్నం దాకా గడప తొక్కనివ్వలేదు. అప్పటికి నాకు పెళ్లి కూడా అయిపోయింది.

ఆ ఏడు కాలువ నీళ్లొచ్చి మా చెరువు నిండింది. నిండిన చెరువును చూసి ఊరంతా సంబరపడి, గంగమ్మకు పొట్టేలు కొట్టి, హారతి పట్టి, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మా ఆవిడ చంద్రిక మాత్రం ఇంటికి రాలేదు. కట్ట మీదే నిలబడి నీళ్లను చూస్తూ ఉండిపోయింది. ఆమెది కుప్పం దగ్గర గుడుపల్లె. అక్కడ వాళ్ల మేనమామ చెరువులో చేపలు పెంచుతాడు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమె కళ్ల ముందు ఉన్నది ఎండిపోయిన చెరువూ, నేను మదనపల్లె మార్కెట్‌కు తోలే టమోటా బండీ మాత్రమే. చేతికి ఒక పని దొరికితే చూపిద్దామని కాచుకుని ఉన్న మనిషి ఆమె. మహిళా సంఘానికి లీడరు కూడా. శ్రావణం వచ్చేలోపల సంఘం తరఫున చెరువులో చేపల హక్కు రాయించింది. రోహు, కట్ల చేప పిల్లలు తెప్పించి వదిలించింది.

మా అమ్మ దానికి ఒప్పుకోలేదు.

"పాలమ్ముకునే ఇంట్లో ప్రాణాలమ్ముకునేదేందిరా?" అని నన్ను అడిగింది, చంద్రిక పక్కనే ఉండగా.

"పాలమ్మితే దూడ నోరు కట్టెయ్యల్యా? అది పాపం కాదంటనా, అడుగు మీ అమ్మను," అని చంద్రిక కూడా నన్నే అడిగింది.

అంతే. ఆ రోజు నుంచీ అత్తాకోడళ్లు ఒకరితో ఒకరు మాట్లాడాల్సిందంతా నాతోనే మాట్లాడారు. సాంబారులో ఉప్పు తక్కువైనా నాకే చెప్పేవారు. నేను మధ్యలో అటూ ఇటూ తల తిప్పీ తిప్పీ విసిగిపోయాను.

సరే, పెరటాసిలో సంఘం వాళ్లు ఉత్తినే చూద్దామని వల వేయించారు. పిడికెడు పిల్లలు కూడా పడలేదు. ఇంకో పక్క వేయిస్తే అక్కడా అంతే. అన్నన్ని పిల్లలు ఏమైపోయినట్టు? సంఘంలో ఇందిరమ్మ అని ఉంది. ఏ మాటైనా ఊరి చివర దాకా వినిపించేటట్టు చెప్తుంది.

"యాడికి పోతాయి? పుంగనూర్లో సేపలంగడి ఉండేదెవురికి? మన సెరువు కాడ ఎప్పుడూ గాలమేసుకుని కూసోనుండేదెవురు? మొన్న వాని బండ మీద సిన్న సిన్న రోవులు నా కండ్లతో సూసినా!"

అది వజీర్ గురించే. వజీర్‌కు పుంగనూరులో కోళ్లు, చేపలు అమ్మే అంగడి ఉంది. ఎనిమిదో తరగతి నుంచీ ఇద్దరం మా చెరువు కట్ట మీద గాలాలు వేసుకుని పెరిగినవాళ్లమే. చెరువులో నీళ్లు లేని ఏళ్లల్లో కూడా వాడు మా ఊరికి వచ్చి, ఊరికే కట్ట మీద కూర్చుని పోయేవాడు. అట్లాంటివాణ్ని దొంగ అన్నారు. ఆ శనివారం మధ్యాహ్నం పాల కేంద్రం ముందు సంఘం మీటింగు. వజీర్ ఊళ్లోకి అడుగు పెట్టకూడదని తీర్మానం చేసి, పోలీసులకు కాగితం ఇస్తామన్నారు. లీడరుగా ఆ మాట చెప్పాల్సింది చంద్రికే.

"నువ్వు నమ్ముతాండావా?" అని అడిగాను.

"నేను నమ్మేది నమ్మనిది ఎవురిక్కావల్ల? పదిమంది ఆడోళ్లు నా మాట మీద దిగినారు. పిల్లలు యాడికి పోయినాయో సెప్పలేని లీడరు ఏం లీడరు?"

నాకు మాత్రం ఒక అనుమానం ఉంది. ఒకరోజు సాయంత్రం నీళ్ల మీద ఒక పెద్ద నోరు తెరుచుకుని మూసుకోవడం చూశాను. నున్నగా, నల్లగా, మీసాలతో. క్యాట్‌ఫిష్. అది చెరువులో పడిందంటే చిన్న చేపకు ఇక దిక్కు లేదు. అట్లాంటిది ఒక్కటి పట్టి మీటింగులో వాళ్ల ముందర పడేస్తే చాలు, వజీర్ బయటపడతాడు, చంద్రికా బయటపడుతుంది. అందుకని శనివారం అని కూడా చూడకుండా వాణ్ని రమ్మన్నాను.

వచ్చాడు. రావడం అయితే వచ్చాడు గానీ, వచ్చిన దగ్గర నుంచీ నా ప్రాణం తీశాడు.

"ఆ పక్క పోదాం రా, తూము కాడ వద్దు."

"యాల? మనం ఎప్పుడూ కూసునేది ఈడే గదా?"

"ఈడ పడవు."

"ఎట్ల తెల్సు నీకు?"

"నీళ్లు బాగల్యా."

నీళ్లు బాగున్నాయి. నేను కదలలేదు. వాడు గొణుక్కుంటూనే నా గాలానికి కూడా పేగు గుచ్చి ఇచ్చాడు, నేను ముట్టుకోకూడదు కాబట్టి. రెండు గాలాలూ నీళ్లలో వేసి, తూము పక్కన తుమ్మ కంప వెనక చేరాం.

మొదటి గాలం వెయ్యగానే మునిగిపోయిన తుమ్మచెట్టుకు తగులుకుంది. లాగితే కొమ్మ వచ్చింది. రెండోసారి బెండు గబుక్కున మునిగితే ఎగిరి లాగాను. తాబేలు. అది పేగు తిని, గాలం వదిలి, నా వైపు ఒకసారి చూసి దాని దోవన అది పోయింది. మూడోసారి ఏదీ ముట్టకుండానే ఎర మాయమైంది. ప్రతిసారీ నేను గాలం చాచడం, వాడు పేగు గుచ్చి ఇవ్వడం, చిన్నపిల్లాడికి అన్నం తినిపించినట్టు. నాకు ఒళ్లు మండిపోతోంది. దానికి తోడు ట్రాక్టరు రామచంద్ర మోటారు బైకు ఆపుకుని కట్ట మీద నుంచే కేక వేశాడు.

"ఏమప్పా భరతా, దొంగను పక్కన పెట్టుకుని సేపలు పడ్తాండావే!"

వజీర్ తల ఎత్తలేదు. రామచంద్ర వెళ్లిపోయాడు.

"పోదాం రా భరతా," అన్నాడు వజీర్. "ఈ పొద్దు పడవు. రేపు వద్దాం."

"రేపొస్తే ఏం లాభం? మీటింగు ఈ పొద్దు గదా! నిన్ను దొంగ అంటాండారు, తెలుస్తాందా నీకు? నాకుండే బాధ నీకు ల్యాకపోతే ఎట్లరా?"

"ఉండాదప్పా."

"యాడుండాది? పొద్దున్నుంచీ దోవ పక్కే సూస్తాండావు. బెండు పక్క ఒక్కసారన్నా సూసినావా?"

వాడు సమాధానం చెప్పేలోపల నా బెండు మునిగింది.

ఈసారి తాబేలు కాదు. వెదురు కర్ర వంగి నా మోచేతులు జివ్వుమన్నాయి. అది కిందికి లాగుతోంది, బురదలోకి, తుమ్మ వేర్ల కిందికి. నేను మోకాలి లోతు నీళ్లల్లోకి దిగాను. వేళ్లకు దారం కోసుకుపోయింది. అది ఒకసారి పక్కకు తిరిగి తోక కొట్టినప్పుడు ముఖమంతా బురద. నా జన్మలో అంత బరువు గాలం మీద తెలిసింది లేదు. చివరికి కట్ట రాళ్ల మీదికి లాగి పడేశాను. మూరన్నర ఉంది. నల్లగా, జిడ్డుగా, మీసాలు ఆడిస్తూ గాలి పీలుస్తోంది. పట్టరాని సంతోషంతో నేను గట్టిగా అరిచాను.

"వజీరూ, జాగ్రత్తరా! ముళ్లు!"

క్యాట్‌ఫిష్‌కు రెండు పక్కలా రెక్కల దగ్గర ముళ్లుంటాయి. గుచ్చుకుంటే చెయ్యి భుజం దాకా సలుపుతుంది. వజీర్ మాత్రం జాగ్రత్త పడలేదు. వంగి రెండు చేతులతో, సరిగ్గా రెక్కల దగ్గరే, పిల్లిని ఎత్తుకున్నట్టు ఎత్తి బకెట్లో వేశాడు.

నేను బకెట్ మీదికి వంగి చూశాను. ముళ్లు లేవు. రెండు పక్కలా మొదళ్ల దాకా కత్తిరించి ఉన్నాయి.

వజీర్ అంగట్లో నీళ్ల తొట్టి ఉంటుంది. క్యాట్‌ఫిష్ అమ్మకూడదని ఆఫీసర్లు అప్పుడప్పుడూ వచ్చి కేకలేసిపోతారు, వాడు అప్పుడప్పుడూ లోపల దాచి పెడతాడు. లారీలో వచ్చిన చేపలను తొట్లో వేసేముందు ఒక్కొక్కదాన్నీ పట్టి, కత్తెరతో రెండు ముళ్లూ టక్ టక్‌మని తీసేస్తాడు, కొనేవాళ్ల చేతులకు గుచ్చుకోకుండా. పుంగనూరులో ఆ పని చేసేది వాడొక్కడే. ఆ అంగట్లో టీ తాగుతూ ఆ చప్పుడు నేను ఎన్ని సాయంత్రాలు విన్నానో.

"ఇది నీ తొట్టి సేప," అన్నాను.

వాడు మళ్లీ దోవ వైపే చూశాడు.

"ఆఫీసర్లొస్తాండారని తెచ్చి మా సెరువులో పారబోసినావా?"

"రేయ్."

"పారబోసినావా లేదా? నా పెండ్లాం పిల్లల మాదిరి సూసుకునింది ఆ సేపల్ని! నీకోసరం నేను ఇంట్లో తిండీ నీళ్లూ మాని కొట్లాడ్తాండా. నువ్వు నా పక్కన కూసోని పేగులు గుచ్చిస్తాండావా?"

"ఆ ఇందిరమ్మ అన్యప్పుడు నాకింత బాధ కాలేదు," అన్నాడు వజీర్. "నువ్వు గూడా అన్యావే."

"అయితే సెప్పు. యాడ్నుంచి వచ్చినాయి ఇవి?"

"సెప్పలేను. మాటిచ్చినా."

"ఎవురికి?"

వాడు నా భుజం పట్టి కంప వెనక్కి గుంజాడు. "కూసో. మాట్లాడొద్దు. అందుకే పోదామన్యా నేను."

కట్ట మీద మా అమ్మ వస్తోంది.

రోజూ ఈ వేళకు ఆమె పాల కేంద్రానికి పోయి వస్తుంది. ఒక చేతిలో ఖాళీ క్యాను ఉండాలి. ఆ రోజు రెండు చేతుల్లోనూ క్యాన్లున్నాయి. ఒకటి బరువుగా ఉందని ఆమె ఒక పక్కకు ఒరిగిన తీరులోనే తెలుస్తోంది. తూము దగ్గర మెట్లు దిగింది. మేము కంప వెనక ఉన్నామని ఆమెకు తెలియదు. బరువు క్యాను మూత తీసి, నీళ్ల పక్కన పెట్టి, స్వామి కొండ ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టుకుంది. ఆమె చెవి కాస్త మందం కాబట్టి దేవుడికి కూడా గట్టిగానే చెప్తుంది.

"స్వామీ, మా కోడలు సంద్రిక పేరు మీద వదుల్తాండా. తెలిసో తెలీకో అది ఆ పనిలో దిగింది. దాని సేత్తో పొయ్యే ప్రాణాలకు ఇవి బదులు. పాపమంటూ ఉంటే నాకు రాసుకో. దాన్ని మాత్రం సల్లగా సూడు. గోవిందా, గోవిందా."

క్యాను వంచింది. నల్లటి క్యాట్‌ఫిష్‌లు ఒకదాని వెనక ఒకటి జారి నీళ్లల్లోకి పోయాయి. అవి లోతుకు పోయేదాకా ఆమె అట్లే చూస్తూ నిలబడింది. ముఖంలో ఎంత తృప్తి! తర్వాత క్యాను కడుక్కుని, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

నేను లేచి ఆమెను పిలవలేకపోయాను. ఏమని పిలవాలి?

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాను.

"శ్రావణం నుంచి. ప్రతి శుక్రారం అంగడికొస్తాది. మీ ఇంట్లో శుక్రారం, శనారం సేపలు వండరు గదా, ఎవురికోసరం అమ్మా అంటే సెప్పదు. బాగా బతికేవి ఇయ్యి నాయనా, క్యాన్లో వేసినా సావకూడదు అంటాది. అట్ల బతికేవి ఇవే గదా, ఇవే ఇస్తాంటి. బాయిలో వదుల్తాదేమో అనుకున్యా. సెరువులో అని నాకు మొన్న, ఇందిరమ్మ అరిసినంక తట్టింది. పోయి అడిగితే ఒప్పుకునింది. మొక్కు బయటపడితే ఫలం పోతాదంట, ఎవురికీ సెప్పొద్దని నా సెయ్యి పట్టుకుని అడిగిందిరా. ఏం జేసేది నేను?"

"ఇవి ఆ పిల్లల్ని తింటాయని సెప్పలేదా అమ్మకు?"

"ఎట్ల సెప్పేది? నీ పుణ్యం నీ కోడల్ని ముంచేసిందమ్మా అని నువ్వు సెప్తావా?"

నేను గాలం దారం కర్రకు చుట్టాను.

"నిన్న ఇయ్యొద్దనే అనుకున్యా, కానీ ఆయమ్మ మళ్లా వచ్చి నిలబడితే కాదనలేకపోతి," అన్నాడు వజీర్. "ఈ పొద్దు నువ్వు పిలిస్తే రాకుండా ఉండలేకపోతి. ఒక్కటీ పడకూడదని అల్లాను తలుసుకుంటా కూసున్యా. ఆయమ్మ వచ్చేలోపల నిన్ను లేపల్లనుకున్యా. నువ్వేమో కదలకపోతివి."

పడాలని నేను, పడకూడదని వాడు. మధ్యలో చేప పడింది. బకెట్లో అది తల ఎత్తి గాలి మింగుతోంది. దాన్ని మీటింగులో చూపిస్తే వజీర్ బయటపడతాడని గదా నా ఎత్తు. ఇప్పుడు ఆ కత్తిరించిన ముళ్లు చూస్తే ఇందిరమ్మకు ఇంకేం కావాలి? చూపించకపోతే వాడు దొంగ. చూపిస్తే వాడు అంతకంటే పెద్ద దొంగ. వాణ్ని తప్పించాలంటే మా అమ్మ పేరు చెప్పాలి. కట్ట మీద కూర్చుని నెత్తి బాదుకోవాలనిపించింది నాకు.

బకెట్ మీద గోతం కప్పుకుని ఇంటికి తెచ్చాను. శనివారం పూట అమ్మ కంట పడకూడదని పెరట్లో గడ్డివామి వెనక పెట్టి, స్నానం చేసి వచ్చేసరికి చంద్రిక దాని పక్కనే గొంతుక్కూర్చుని ఉంది. చేపల గుట్టు తెలిసిన మనిషి గదా, రెక్క పక్క వేలు పెట్టి తడిమి చూస్తోంది.

"వజీరన్న కత్తెర," అంది. ముఖం ఎర్రబడింది. "అయితే ఇందిరమ్మ సెప్పింది నిజమే. నేను ఇంకా ఆయప్ప అట్లాంటోడు కాదని నిన్న రాత్రి గూడా దాంతో వాదం పెట్టుకున్యా. రానీ మధ్యానం."

ఇక దాచడానికి లేకపోయింది.

"వజీర్ కాదు. అమ్మ," అన్నాను.

అంతా చెప్పాను. నేను ఆపినాక ఆమె అడిగింది.

"ఏమని మొక్కుకుంటాంది?"

"నీ పేరు మీద. నీ సేతుల్లో పొయ్యే ప్రాణాలకు బదులంట. పాపం తనకు రాసుకోమని సెప్పింది."

చంద్రిక వామిలో నుంచి ఒక గడ్డిపోచ పీకింది. దాన్ని ముక్కలు చేసింది. ఇంకొకటి పీకింది. పంచలో నుంచి మా అమ్మ గోవింద నామాలు చదువుకోవడం వినిపిస్తోంది.

"తిట్టుకునేదానికి గూడా ల్యాకుండా జేసిందే మీయమ్మ," అంది చివరికి. లేచి కొంగు దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పాల కేంద్రం ముందు సంఘం కూర్చుంది. వజీర్ దూరంగా తన బైకు దగ్గర నిలబడ్డాడు, పారిపోయాడు అని ఎవరూ అనకుండా. నేను బకెట్ తెచ్చి మధ్యలో పెట్టాను. చంద్రిక గోతం తీసింది. ఆడవాళ్లు ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

"దొంగలెవురూ లేరు," అంది చంద్రిక. "మన పిల్లల్ని తినింది ఇదీ, దీని మాదిరివీ. ఇవి సెరువులో పడింది మా ఇంట్లో నుంచి. వజీరన్న కాడ కొన్నిందీ మా ఇంట్లోవాళ్లే. ఆయన తప్పు ఇసుమంత లేదు."

"మీ ఇంట్లో ఎవురు?" అంది ఇందిరమ్మ.

"నేనే అనుకోండి."

"అనుకునేదేంది మే? నువ్వేనా, కాదా?"

"లీడరు నేను. మా ఇంట్లో నుంచి వచ్చింది కాబట్టి నేనే."

నేను నోరు తెరవబోయాను. చంద్రిక నా వైపు చూసిన చూపుకు మూసుకున్నాను. మా అమ్మ పేరు ఆ మీటింగులో రాలేదు. చాలా మాటలు వచ్చాయి. చేపల విద్య తెలుసునని ఊరంతా చెప్పుకున్నదానివి, ఇంత బుద్ధి లేదా అన్నారు. అన్నీ విని ఊరుకుంది. సాయంత్రానికి లీడరుగా ఇందిరమ్మ అయింది. మా చెరువులో మొట్టమొదట చేపలు వేయించిన మనిషి, తన చేత్తో సంఘం తాళంచెవులు ఆమెకిచ్చి వెనక వరసలో కూర్చుంది. కోపంతో నాకు చెవులు హోరెత్తాయి. ఎవరి మీద కోపమో తెలిసి ఉంటే కొంచెం సులువుగా ఉండేది.

"సరే, ఉండేవాట్ని ఇప్పుడు పట్టిచ్చేదెవురు?" అంది కొత్త లీడరు.

అందరూ వజీర్ వైపు తిరిగారు. క్షమించమని ఎవరూ అనలేదు. పొద్దున ఊళ్లోకి రాకూడదన్నవాళ్లే, ఇప్పుడు రోజూ రావాలి అన్నారు.

మర్నాటి నుంచీ తెల్లవారగానే వజీర్, నేను కట్ట మీద. ఒకరోజు ఒకటి పడేది. ఒకరోజు ఒకటీ పడేది కాదు. రెండు రోజులు వాన. పెరటాసి ఇంకా ఉంది కాబట్టి నేను గాలం చాచడం, వాడు పేగు గుచ్చడం. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, నేను అన్నది మరిచిపోనూ లేదు. "పారబోసినావా" అని తనలో తను అనుకుని, నా వైపు చూడకుండా నవ్వేవాడు. నాకు ఆ నవ్వు కంటే దెబ్బలు నయం అనిపించేది.

అమ్మకు ఇదేదీ తెలియదు. చంద్రిక లీడరుగా లేదని తెలిసి, "పీడా పోయింది, స్వామి విన్యాడు," అని నాతో అంది. చంద్రిక పక్కనే ఉంది. మామూలుగా అయితే జవాబు నా ద్వారా రావాలి. రాలేదు.

ఆఖరి శనివారానికి ముందు రోజు అమ్మ పుంగనూరు పోయి ఖాళీ క్యానుతో తిరిగి వచ్చింది. వజీర్ సరుకు రాలేదని చెప్పి పంపేశాడు. వాడు ఇంకేం చెప్తాడు? ఆమె పంచలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. దీపం పెట్టలేదు. అన్నానికి పిలిస్తే రాలేదు. ఏమమ్మా అంటే ఏం లేదంది. మొక్కులో ఆఖరి వారం తప్పితే ముందు వారాలన్నీ నీళ్లపాలేనని ఆమె నమ్మకం. బయటికి చెప్పుకోవడానికీ లేదు. ఆ క్యాను ఒళ్లో పెట్టుకుని, మూత తీస్తూ వేస్తూ ఉంది. నాకు ఆమెను చూస్తే జాలి, ఆ క్యానును చూస్తే కోపం. చంద్రిక వాకిట్లో నిలబడి చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి పడుకుంది.

పొద్దున నేనూ వజీరూ తూము దగ్గర గాలాలు వేసుకుని కూర్చున్నాం. కట్ట మీద ఇద్దరు ఆడవాళ్లు వస్తున్నారు. ముందు చంద్రిక, చేతిలో పాల క్యాను, చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. వెనక మా అమ్మ. మేము కంప వెనక దాక్కోలేదు. అమ్మ మమ్మల్ని చూసి తటపటాయించి ఆగింది.

"రా అత్తా," అంది చంద్రిక. ఎన్ని నెలల తర్వాతో, నేరుగా. "వజీరన్న కాడ ల్యావంట గదా. నేను తెచ్చినా. వదులు."

"నీకెవురు సెప్పినారు?" అంది అమ్మ.

"పాల క్యాను రోజూ తోమేది నేనే గదా అత్తా. వాసన రాదా?"

అమ్మ తల దించుకుంది. చంద్రిక మూత తీసింది. లోపల అరచెయ్యి పొడవున్న రోహు, వెండిలా మెరుస్తూ తిరుగుతోంది. ఆ తెల్లవారుజామున చిన్న వల తీసుకుని చెరువు అవతలి పక్క తానే దిగి పట్టుకొచ్చిందని తర్వాత తెలిసింది. తాను వేయించిన పిల్లల్లో మిగిలిన ఒకటి.

"ఇంత సిన్నదా?" అంది అమ్మ.

"ప్రాణం సిన్నది పెద్దది అని ఉంటాదా?"

"అదీ నిజమే."

అమ్మ దండం పెట్టుకుంది. ఈసారి గట్టిగా కాదు, పెదవులు మాత్రమే కదిలాయి. అయినా ఎవరి పేరు చెప్పిందో మా అందరికీ తెలుసు. క్యాను వంచితే ఆ చిన్న చేప నీళ్లల్లోకి పోయింది. చంద్రిక కళ్లు దాని వెంట పోయాయి, అది కనిపించకుండా పోయినాక కూడా.

"సంద్రికా," అంది అమ్మ, సంతోషంగా నీళ్లను చూస్తూ. "నేను ముందు వదిలినవి ఇప్పటికి పెద్దయినాయేమో గదా?"

వజీర్ నా వైపు చూశాడు. నేను బెండు వైపు చూశాను.

"పెద్దయినాయత్తా," అంది చంద్రిక. "బాగా తింటాండాయి."

అమ్మ ముఖం విప్పారింది. కోడలి చెంప మీద తడి చేత్తో ఒకసారి రాసి, ఖాళీ క్యాను తీసుకుని మెట్లెక్కింది. చంద్రిక మాత్రం కాసేపు ఆగిపోయింది. కొంగుతో చెంప తుడుచుకుని, మా రెండు గాలాలనూ, ఖాళీ బకెట్‌నూ చూసింది.

"వజీరన్నా, రేపు పేగులు ఇంకొంచెం ఎక్కువ తే," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఆఖరి శనారం అయిపోయె గదా, పెరటాసి గూడా ఈ పొద్దుతో సరి. రేపట్నుంచి నువ్వు గూడా ముట్టుకోవచ్చు."